తెల్లింటి వాళ్లు

శనివారం పొద్దున్నే లవ్‌డే పాస్టీలు చేస్తోంది. పిండి రేకులో మాంసం, బంగాళాదుంప, ఉల్లిపాయ పెట్టి, అంచు మడిచి, ఎవరిది వాళ్లకు తెలిసేలా మూలన పేరులో మొదటి అక్షరం అద్దుతోంది. మొగుడు హెడ్లీకొకటి, కూతురు కెర్రాకొకటి, భోజనానికి రాబోతున్న కాబోయే అల్లుడు జేగోకొకటి. ఆ మూడోదాని మీద కన్ను పడగానే హెడ్లీ టీ కప్పు కింద పెట్టేశాడు.

"నేను సంతకెళ్తున్నా. నాకోసం చూడకండి."

"మళ్లీనా? పోయిన శనివారమూ సంతేగా! కొన్న దూడేదీ?"

"నచ్చలేదు."

నచ్చలేదట! లవ్‌డేకి ఒళ్లు మండింది. జేగో పేరు విన్న రోజు నుంచీ ఈయన మనిషి మనిషిలో లేడు. జేగో చెగ్విడ్డెన్. వీళ్లూ చెగ్విడ్డెన్‌లే. "పేరు కలిసినంత మాత్రాన చుట్టాలా?" అని అప్పుడు విసుక్కున్నాడు. జేగో వాళ్ల ఊరు పెండీన్‌లో తనకెవరూ తెలీదనీ అన్నాడు. మరి పోయిన శనివారం అదే పెండీన్‌లో, జేగో తల్లి రోజెన్విన్ గుమ్మంలో హెడ్లీ నిలబడి ఉండగా చూశానని పక్కింటి టామ్‌సిన్ చెప్పిందే! రోజెన్విన్ మొగుడు పోయిన మనిషి. ఇప్పటికీ అందగత్తే. పైగా జేగో గడ్డం మీద నొక్కుంది. హెడ్లీకీ ఉంది.

రేపు చర్చిలో పెళ్లి ప్రకటన చదువుతారు. అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పండని అడుగుతారు. తను నోరు మూసుకుంటే కూతురు సొంత అన్నని కట్టుకున్నట్టవుతుందేమో. నోరు తెరిస్తే సంసారం నడివీధిలో పడుతుంది.

పిండి చేతులతోనే వెళ్లి వాకిలికి అడ్డంగా నిలబడింది.

"సంతకా, రోజెన్విన్ దగ్గరికా?"

హెడ్లీ మొహం పాలిపోయింది. "నీకెవరు చెప్పారు?"

"అంటే నిజమేనన్నమాట! చెప్పవయ్యా, జేగో నీ కొడుకేనా?"

"ఛీ ఛీ! అదేం మాటే! నోరెలా వచ్చింది నీకు?" అంటూ కుర్చీలో కూలబడ్డాడు.

"మరెందుకెళ్లావు?"

"వాళ్లకి తెలుసేమో కనుక్కుందామని."

"ఏం తెలుసని?"

వేసవిలో వచ్చిన టూరిస్టులు తన ఇంటిపేరు తప్పుగా పలికితే చాలు, "'గ్వి' మీద ఒత్తాలి సార్! మా పాత భాషలో తెల్ల ఇల్లని అర్థం. వందల ఏళ్ల పేరు!" అని నడిరోడ్డు మీద పాఠం చెప్పే మనిషి, ఇప్పుడు తల వంచుకుని గొణిగాడు.

"అది మా పేరు కాదే. మా ముత్తాత ఈ గుమ్మంలో ఎవరో వదిలేసిపోయిన పసిగుడ్డు. తల్లెవరో, తండ్రెవరో! అప్పుడిక్కడున్న చెగ్విడ్డెన్‌లు తీసుకుని పెంచారు. మన వైపు మామూలేగా, ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటి పేరే మనిషికి. తర్వాత వాళ్లు గనుల్లో పనికని పెండీన్ పోతూ ఇల్లు ఆయనకిచ్చేశారు. జేగో వాళ్లే అసలు చెగ్విడ్డెన్‌లు. చచ్చిపోయే ముందు నాన్న చెప్పాడు. బయట అనకన్నాడు."

"రోజెన్విన్‌కి తెలుసా?"

"తెలుసు. 'దాందేముందయ్యా' అని నవ్వింది. నవ్వు రానిది నాకే. ముప్పై ఏళ్లుగా నీకూ అబద్ధపు పేరు తగిలించాను."

మెట్ల మీంచి కెర్రా గొంతు వినిపించింది. "అయితే నాన్నా, మాకు రక్తసంబంధం లేదుగా?"

"లేదమ్మా. చుక్కైనా లేదు."

లవ్‌డే అక్కడే నేల మీద చతికిలబడి భోరుమంది. ఈ వారమంతా ఈ మనిషి పక్కనే గోడవైపు తిరిగి పడుకుంది. పెట్టిన ప్రతి ముద్దా తిట్టుకుంటూ పెట్టింది. "పిచ్చి మొగుడా! పేరు పోతుందని నా చేత ఎంత పాపిష్టి ఆలోచన చేయించావు! నువ్విలాగే దాచావనుకో, నేననుకున్నదే ఊరంతా అనుకుంటుంది. ఆ మాటలు పడేది నా కూతురు."

హెడ్లీ ఆ పూట సంతకి వెళ్లలేదు.

మర్నాడు చర్చి నిండిపోయింది. పాస్టరు గారు రెండు పేర్లూ చదివారు. రెండుసార్లు చెగ్విడ్డెన్ అనేసరికి వెనక వరసలో గుసగుసలు మొదలయ్యాయి. "ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి" అనగానే హెడ్లీ లేచి నిలబడ్డాడు. అందరి తలలూ ఇటు తిరిగాయి.

"అభ్యంతరం కాదు. ఒక్క మాట. పిల్లలిద్దరికీ పేరు కలిసింది, రక్తం కలవలేదు. మా ముత్తాత వాళ్లింటి గుమ్మంలో దొరికిన బిడ్డ. ఆయనకి ఇంటిపేరు లేకపోతే ఆ ఇంటి పేరే పెట్టారు. ఇన్నాళ్లూ నాది కాని గొప్ప చెప్పుకున్నాను. ఇకమీదట నన్నేమని పిలుస్తారో మీ ఇష్టం."

ఎక్కడ చూడాలో తెలీక నేలచూపులు చూస్తూ అలాగే ఉండిపోయాడు.

లవ్‌డే ఆయన కోటు అంచు పట్టి లాగింది. కళ్లనిండా నీళ్లు, అయినా గొంతు మాత్రం అందరికీ వినబడేంత గట్టిగా ఉంది.

"కూర్చో, చెగ్విడ్డెన్."