ఇనప కౌజు

2068 ఫిబ్రవరి 11, శనివారం. అనంతపురం జిల్లా నల్లరాళ్ళపల్లిలో ఆ ఉదయం పల్చటి మంచు పట్టింది. గాలి లేదు, ఆకాశంలో మబ్బు తునక లేదు. ఊరికి పడమట ఉన్న బీడు నేలలో, రేగుపొదల మధ్య నాటిన ఇనుప స్తంభం మీద ఒక చిన్న పెట్టె ఆగకుండా కూస్తోంది. "కటీతర్, కటీతర్, కటీతర్!"

కాస్త దూరంలో ఒక బండ చాటున ముగ్గురు మనుషులు గొంగళ్ళు కప్పుకొని కూర్చున్నారు. ఒకరు డాక్టర్ మెహరున్నీసా. పక్షుల కూతల మీద పరిశోధన చేసి, ఆ పెట్టెను తయారు చేసిన శాస్త్రజ్ఞురాలు. రెండోవాడు బోయ గాదిలింగప్ప. ఆ బీట్లో కౌజుల్ని పట్టుకునే హక్కు ఉన్న మనిషి. మూడో మనిషి ఆయన కూతురు తిప్పక్క.

"అదో, పలికె! కలబంద మొదుట్లో," అన్నాడు గాదిలింగప్ప.

మెహరున్నీసా చేతిలోని స్క్రీన్ చూసుకుంది. "కొత్త గొంతే. దీంతో ముప్పై ఒకటి."

"ఇంగా తొమ్మిది కావల్ల."

"పొదల్లో దూరి నువ్వే కూస్తే సరిపాయె గద నాయనా," అంది తిప్పక్క.

"గమ్మునుండు. పిట్టలు ఇంటాయి."

కౌజు పిట్ట అంటే తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. కోడిపెట్ట కంటే బాగా చిన్నది, బూడిద రంగు, ఒళ్ళంతా సన్నటి చారలు. ఎగరడం కంటే పరిగెత్తడమే దానికిష్టం. పుంజు ఒక్కొక్కటీ కొంత నేలను తనదనుకుంటుంది. ఆ నేలలో ఇంకో పుంజు కూసిందా, ఇక ఊరుకోదు. ఎదురు కూస్తుంది, మీదికొస్తుంది. ఈ పౌరుషమే దాని ప్రాణం మీదికి తెస్తుంది. వేటగాళ్ళు మచ్చికైన పుంజునొకదాన్ని బోనులో పెట్టి, చుట్టూ ఉచ్చులు పన్ని, కూయిస్తారు. దాన్ని దీమం అంటారు. కొట్లాటకొచ్చిన పుంజు ఉచ్చులో పడుతుంది.

ఇలాంటి చిన్న వేట జంతువుల లెక్క, అంటే కౌజులు, పూరేళ్ళు, కుందేళ్ళ లెక్క తేల్చడం ఎప్పుడూ కష్టమే. పులినైతే అడుగుజాడలతోనో, చారలతోనో గుర్తుపట్టవచ్చు. కుందేలు జాడ ఎవరికి కావాలి? పూర్వం మనుషులు వరసగా నడిచి, లేచిన పిట్టల్ని లెక్కపెట్టేవారు. అదీ కాకపోతే వేటగాళ్ళనే అడిగేవారు. అడిగినవాడు ఫారెస్టు మనిషి అనుకుంటే "ఏడున్నాయి సామీ, అన్నీ పాయె" అనేవారు. బియ్యమో బట్టలో ఇచ్చేవాడు అనుకుంటే "కొల్లలు" అనేవారు. వేట పూర్తిగా నిషేధించిన రోజుల్లో ఈ మాత్రం లెక్క కూడా లేకుండా పోయింది. ఆ రోజుల్లోనే బీళ్ళన్నీ సోలార్ పలకల కిందికీ, ఇళ్ళ ప్లాట్ల కిందికీ పోయాయి. పిట్టను చంపకూడదని చట్టం ఉండేది గానీ, పిట్ట కాళ్ళ కింద నేలను లాగేయకూడదని చట్టం లేదు.

అందుకని ఆ తరువాత బీడు హక్కు చట్టం తెచ్చారు. తరతరాలుగా వేటాడిన ఒక్కో కుటుంబానికి ఒక్కో బీడు. ఆ బీట్లోకి నాగలి, గొడ్డలి, సోలార్ పలక రాకుండా కుటుంబం కాపలా ఉండాలి. బదులుగా కాలం వచ్చినప్పుడు కొన్ని పుంజుల్ని పట్టి అమ్ముకోవచ్చు. షరతు ఒకటే. నలభై పుంజులకు తగ్గితే హక్కు రద్దు. బీడుకు కంచె పడుతుంది, ఆ తరువాత మనిషి అడుగు పెట్టకూడదు. లెక్క మాత్రం మనుషుల నోటి మాట మీద ఉండకూడదు, మెహరున్నీసా యంత్రమే తేల్చాలి. ప్రభుత్వం చట్టంలో యంత్రం పేరు కూడా రాసేసింది.

యంత్రంలో పెద్ద రహస్యమేమీ లేదు. గోడ అవతల దగ్గింది బాబాయో మామయ్యో చూడకుండానే చెబుతాం కదా? కౌజుల గొంతులూ అంతే, ఒకదానికొకటి పోలవు. పెట్టెలోని స్పీకర్ పుంజులా కూస్తుంది. బీడు నాలుగు మూలలా ఉన్న మైక్రోఫోన్లు జవాబుల్ని వింటాయి. ఏ గొంతు ఎక్కడిదో కంప్యూటర్ విడదీస్తుంది. ఉచ్చు లేదు, దెబ్బ లేదు, పిట్ట ఈక కూడా రాలదు. ఊరివాళ్ళు దానికి ఇనప కౌజు అని పేరు పెట్టారు.

ఆ ఉదయం లెక్క ముప్పై ఒకటి దగ్గర ఆగింది.

"ఇంక ఆపేద్దాం పెద్దాయనా," అంది మెహరున్నీసా. "రూలు ప్రకారం రోజుకు రెండు గంటలే."

"ఆపితే ఎట్ల మేడమా? సిగ్గుపడేవి కొన్నుంటాయి. అవి పలికేదాకా ఉండల్ల గదా! నీ పిట్టకు మేత లేదు, నీళ్ళు లేవు, కూసేదానికేమి రోగం?"

ఆయన ఆరాటానికి కారణం ఉంది. అంతకు ముందు ఏడాదే పెద్దమనుషుల ముందు ఆస్తి పంచేశాడు. ఇల్లు, మేకలు తమ్ముడి కొడుకు ఎర్రిస్వామికి. బీడు హక్కు తిప్పక్కకు. ఎర్రిస్వామి పాత ఇల్లు పడగొట్టి మిద్దె కూడా లేపాడు. బీడు పోతే తిప్పక్కకు మిగిలేది సున్నా.

మెహరున్నీసాకు ఈ సంగతి తెలుసు. పైగా శాస్త్రజ్ఞులకు ఒక బలహీనత ఉంటుంది. ఎక్కువ వింటే ఎక్కువ నిజం తెలుస్తుందనుకుంటారు. ప్రత్యేక అనుమతి తెప్పించి, యంత్రాన్ని వేసవి దాకా బీట్లోనే ఉంచింది. అది తెల్లవారింది మొదలు చీకటి పడేదాకా కూసింది. చివరికి నలభై నాలుగు గొంతులు తేలాయి. గాదిలింగప్ప ఊరందరికీ బెల్లం పంచాడు.

మరుసటి ఏడు అదే నెలలో, అదే బండ చాటున కూర్చున్నారు. యంత్రం కూసింది. బీడు పలకలేదు. వారాలు గడిచినా తొమ్మిది గొంతులకు మించలేదు.

"మిషను చెడిపోయుంటాది మేడమా," అన్నాడు గాదిలింగప్ప.

మెహరున్నీసా యంత్రాన్ని రెండుసార్లు విప్పి చూసింది. చెడిపోలేదు. ఉగాదికి ముందే హక్కు రద్దయింది, కంచె పడింది. యంత్రాన్ని పీకి తీసుకుపోయారు. కంచె వేసిన కూలీల్లో ఎర్రిస్వామి కూడా ఉన్నాడు. "నన్నేం చెయ్యమంటావక్కా, కూలి కూలే గదా," అన్నాడు తిప్పక్కతో.

"గుంజలు లోతుగా నాటు. గాలికి పడితే మల్లీ నీకే పని," అంది తిప్పక్క.

మెహరున్నీసాకు మనసు ఊరుకోలేదు. మొదటి ఏడాది రికార్డింగులన్నీ మళ్ళీ విన్నది. మొదటి రోజుల్లో జవాబులు గట్టిగా ఉన్నాయి. తరువాత పొట్టివయ్యాయి, దూరమయ్యాయి. కొన్ని గొంతులు బీడు దాటి వేరుశనగ చేలల్లో వినిపించి, అక్కడితో ఆగిపోయాయి. చేలల్లో దాక్కోవడానికి పొద లేదు. కుక్కలున్నాయి, డేగలున్నాయి.

వానాకాలంలో ఆమె గాదిలింగప్పను చూడటానికి వచ్చింది. ఆయన అప్పటికే మంచం పట్టాడు. ఎర్రిస్వామి మిద్దె వెనక రేకుల వసారాలో పడుకున్నాడు.

"పెద్దాయనా, ఒకటడుగుతాను. మీరు దీమాన్ని పెట్టినప్పుడు, పని అయ్యాక ఏం చేసేవారు?"

"ఏం చేస్తాం? గొంగడి ముక్క కప్పేస్తాం. అది కూస్తావుండంగనే కప్పేది."

"వెంటనే ఇంటికి వచ్చేవారా?"

"లేదు. బయటి పిట్టలు మల్లీ కూసేదాకా అట్లే కుచ్చుంటాం. మా నాయన అట్లే చేసె, నేనూ అట్లే చేస్తి. దీమానికి గొంతు ఆరిపోతాదని కప్పేది."

"మరి నా యంత్రాన్ని కప్పమని చెప్పలేదే?"

గాదిలింగప్ప నవ్వాడు. "ఇనప పిట్టకు గొంతేడిది మేడమా, ఆరిపోయేదానికి?"

ఆమె మంచం పక్కన కూర్చుంది. తరువాత నెమ్మదిగా చెప్పింది. కప్పడం దీమం కోసం కాదు. దీమం కూత మధ్యలో ఆగిపోతే, పట్టుబడకుండా మిగిలిన పుంజులు దాన్ని తామే తరిమేశామనుకుంటాయి. గెలిచామని కూసుకుని తమ నేలలో ఉండిపోతాయి. యంత్రం ఎన్నడూ ఓడిపోలేదు, అలసిపోలేదు. ఇంత మగతనం ఉన్న పుంజు ముందు నిలవలేక అన్నీ నేల వదిలేశాయి.

"అయితే పిట్టల్ని తరిమింది నేనేనా?"

"ఇద్దరమూ."

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ వానాకాలం దాటలేదు.

మెహరున్నీసా తన తప్పును తానే వ్యాసంగా రాసి అచ్చు వేయించింది. ఆ వ్యాసానికి ఆమెకు పెద్ద బహుమతి వచ్చింది. లోకం తీరు ఇలాగే ఉంటుంది. మిగతా బీళ్ళలో కూడా యంత్రం వాడకం మానేసి, పాత లెక్కలతోనే సరిపెట్టారు. చట్టాన్ని మాత్రం ఎవరూ మార్చలేదు.

కొన్నేళ్ళు పోయాయి. తిప్పక్క బళ్ళారి రోడ్డు మీద, కంచె పక్కనే టీ బంకు పెట్టుకుంది. ఒక మాఘమాసపు పొద్దున ఆమె మెహరున్నీసాకు ఫోన్ చేసి, మాట్లాడకుండా ఫోన్‌ను కంచె వైపు పట్టుకుంది. అవతల మెహరున్నీసా చాలాసేపు విన్నది. మర్నాడే కారు డిక్కీలో పాత యంత్రంతో దిగింది.

"నలభై కాదు తిప్పక్కా, అరవై పైనే ఉంటాయి. నీ హక్కు తిరిగి తెచ్చుకోవచ్చు. చట్టంలో దారి ఉంది."

"ఏం దారి?"

"రద్దయిన బీడుకైతే ఒక సీజను మొత్తం, పగలంతా ఆపకుండా లెక్క తీయాలి. చట్టంలో పేరున్న యంత్రంతోనే. మామూలు మైకులతో విన్నది చెల్లదట. మార్చమని నాలుగు అర్జీలు పెట్టాను, కదల్లేదు."

"సీజనంతా ఇది కూస్తే?"

"మొదటి వారంలోనే నలభై దాటుతాయి. సీజను చివర కాగితం నీ చేతికొస్తుంది." మెహరున్నీసా గొంతు తగ్గించింది. "ఆ తరువాత ఏమవుతుందో నీకూ తెలుసు."

తిప్పక్క గ్లాసులు కడుగుతూ పెట్టెను చూసింది. "పిలిస్తే పోతాయి. పిలవకపోతే లేవంటారు. బాగుంది మేడం మీ సర్కారు."

"నిర్ణయం నీదే. మీ నాన్నగారు నీకిచ్చింది ఇదొక్కటే."

"కాగితం చేతికొచ్చినాక నేను యాటిని పట్టల్ల? మిగిలే తొమ్మిదింటినా?"

కంచె లోపల ఒక పుంజు కూసింది, దానికి ఇంకోటి జవాబిచ్చింది. తిప్పక్క టీ పోసి ఇచ్చింది. "తాగు మేడం, చల్లారిపోతాది. దాన్ని డిక్కీలోంచి దింపద్దు."

గాదిలింగప్ప ఆస్తి చివరకు ఇలా పంపకమైంది. ఇంటి స్థలమూ, మేకలూ, బోనూ, ఉచ్చులూ ఎర్రిస్వామికి చేరాయి. బోనులో అతని పెళ్ళాం కోడిపిల్లల్ని మూస్తోంది. యంత్రం హైదరాబాదులో ఒక మ్యూజియానికి పోయింది, బటన్ నొక్కితే పిల్లల కోసం కూస్తుంది. బీడు, అందులోని రేగుపొదలూ, రాళ్ళూ, నీడా, మొత్తం కౌజులకు దక్కాయి. తిప్పక్కకు ఏమీ రాలేదు.