డెబ్బై ఎనిమిదేళ్ల కిడ్నీ

రెండో శవం సర్టిఫికెట్ మీద కూడా డాక్టర్ అదే రాశాడు. వృద్ధాప్యం వల్ల సహజ మరణం. ఏజెంట్ సున్నం దాన్ని రెండుసార్లు చదివి చీఫ్ బల్ల మీదికి విసిరికొట్టాడు. పదిహేను రోజుల్లో ఇద్దరు పోయారు. ఇద్దరూ రిటైరైన కోడ్ నిపుణులే. ఇద్దరికీ మొదట ఆగని దాహం, తర్వాత మతి తప్పడం, చివరికి గుండె ఆగిపోవడం. వయసులో ఉన్నవాడు ఇలా పోతే పోస్ట్‌మార్టం చేసేవాళ్లు. ముసలివాళ్లు కదా, సంతకం గీకి భోజనానికి వెళ్లిపోయారు.

చీఫ్ బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగించాడు. విదేశీ ముఠా రహస్య సందేశాలను ఈ పోయిన ఇద్దరితో కలిపి ముగ్గురు పెద్దవాళ్లు విప్పారు. ముఠాకు అమ్ముడుపోయిన పదకొండు మంది పేర్లు బయటపడ్డాయి. శాఖలోనే లీకు ఉందన్న అనుమానంతో ఆ పేర్లు కాగితం మీద పెట్టకుండా బుర్రలోనే దాచుకున్నారు. ఇక మిగిలింది మూడో ఆవిడ. ఎల్లుండి పదింటికి కమిటీ ముందు ఆ పేర్లు చెప్పాలి. కానీ నాలుగు రోజులుగా ఆస్పత్రిలో ఉంది, నిన్నటి నుంచి మాట తడబడుతోంది.

ఆవిడ సున్నానికి మేనత్త. తల్లి పోయాక పెంచి పెద్దచేసింది ఆవిడే.

"మంచం పక్కన ఏజెంట్ నెమలిని పెట్టాను," అన్నాడు చీఫ్. "అయిదేళ్లు నర్సుగా చేసి మన దగ్గరికొచ్చింది. నువ్వు కంగారు పడకు."

నెమలి అందగత్తె. ఆమె కారిడార్‌లో నడిస్తే ఫైళ్లు చదివేవాళ్లు పేజీ మరిచిపోతారు. ఆమె సొంత ఫైలు మాత్రం ఎవరూ సరిగ్గా చదవలేదు.

సున్నం లిఫ్ట్ మెకానిక్ వేషంలో ఆస్పత్రిలో దిగాడు. చేతిలో స్క్రూడ్రైవర్, దాని పిడిలో మత్తు సూది. లిఫ్ట్ విప్పి, సామానంతా నేల మీద పరిచి, కింది ల్యాబ్‌లోకి జారుకున్నాడు. అక్కడి టెక్నీషియన్ శాఖకు నమ్మకమైన మనిషి. అందరూ ల్యాబక్క అంటారు. సున్నం గుర్తింపు కోసం కోడ్ మాట అడగబోతే విసుక్కుని, ముందు ఈ రిపోర్టు చూడమంది.

మెడలోని చిన్న గ్రంథులు ఒక హార్మోన్ పంపుతాయి. కాల్షియాన్ని బయటికి పోనివ్వకు, వెనక్కి లాగు అని అది కిడ్నీ కణాలకు ఇచ్చే ఆర్డర్. వయసులో ఉన్న కణం వెంటనే లాగుతుంది. ముసలి కణం అంత తొందరగా మాట వినదు. ఈవిడకేమో రక్తంలో కాల్షియం పొంగిపోతోంది, మూత్రంలోకి మాత్రం పోవాల్సినంత పోవడం లేదు.

"డెబ్బై ఎనిమిదేళ్ల కిడ్నీ ఇరవై ఏళ్లదానిలా లాగుతోంది. ఆవిడ సొంత గ్రంథులు చూస్తే నోరు మూసుకున్నాయి. అంటే బయటి నుంచి ఎవరో ఎక్కిస్తున్నారు," అంది ల్యాబక్క. "డాక్టర్‌కి రెండుసార్లు చెప్పా. ఈ వయసులో అన్నీ మామూలేనన్నాడు."

సున్నానికి ఒళ్లు మండిపోయింది. ఎక్కిస్తున్నది ఎవరని అడిగాడు. అది తనకు తెలియదంటూ ల్యాబక్క ఒక ప్లాస్టిక్ క్యాను, దాని షీటు ముందుకు తోసింది.

"ఆ నర్సెవరో గానీ ఓనమాలు రావు. ఇరవై నాలుగు గంటల మూత్రం శాంపిల్ పట్టేటప్పుడు పొద్దున్నే వచ్చే మొదటిది పారబోసి, టైమ్ రాసుకుని, ఆ తర్వాతి నుంచి పట్టాలి. మొదటిది రాత్రంతా చేరింది కాబట్టి లెక్కలోకి రాదు. ఈవిడగారు దాన్నే కొలిచి క్యాన్లో పోసింది. చేరిన వారంలోనే అందరం దీనికి చీవాట్లు తింటాం."

షీటు కింద సంతకం నెమలిది.

అయిదేళ్ల నర్సు! ఒక్క వారం కూడా వార్డు మొహం చూడలేదన్నమాట. సున్నం గడియారం చూశాడు. పన్నెండింటికి ఇంకో ఇంజెక్షన్ అని అదే షీటు మీద ఉంది. మూడు నిమిషాలే ఉన్నాయి. లిఫ్ట్ వైపు ఉరికాడు. దాన్ని విప్పి పరిచిన ఘనుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ అయిదంతస్తులూ మెట్లెక్కాడు.

నెమలి సిరంజి అప్పటికే సెలైన్ ట్యూబుకు తగిలించి ఉంది. బొటనవేలు పిస్టన్ మీద ఉంది. సున్నం ట్యూబును మడిచి పిడికిట్లో బిగించాడు.

"ఆవిడకి డెబ్బై ఎనిమిది," అంది నెమలి నెమ్మదిగా. "ఇవాళ కాకపోతే రేపు. ఎందుకంత కోపం?"

"ఆ రేపు మా అత్తయ్యది. నీ సొత్తు కాదు."

మత్తు సూది ఆమె భుజంలో దిగింది. తర్వాత డాక్టర్‌కు సున్నం చెప్పిన నాలుగు మాటలు ఆ అంతస్తంతా వినబడ్డాయి. అప్పుడు గానీ సరైన వైద్యం మొదలవలేదు. మర్నాటికి దాహం తగ్గింది. సాయంత్రానికి ఆవిడ మేనల్లుణ్ణి గుర్తుపట్టి, గడ్డం ఎందుకు గీసుకోలేదని కోప్పడింది. సున్నం గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

ఆ మర్నాడు పదింటికల్లా ఆవిడ చక్రాల కుర్చీలో కమిటీ ముందు కూర్చుంది. తడుముకోకుండా ఎనిమిది పేర్లు చెప్పింది. చైర్మన్ ముందుకు వంగి, చిన్నపిల్లను మెచ్చుకున్నట్టు నవ్వాడు.

"ఈ వయసులో ఇంత జ్ఞాపకమా అమ్మా? కాసేపు విశ్రాంతి తీసుకోండి."

"అక్కర్లేదు బాబూ. తొమ్మిదో పేరు నీదే."

చైర్మన్ లేవబోయాడు, కాళ్లు సహకరించలేదు. ఇద్దరు గార్డులు చెరో రెక్క పట్టుకుని లేపాల్సి వచ్చింది. పాపం, ఆయనకింకా నలభై ఆరే.