కింద మనిషి ఉన్నాడు

ఇబ్రహీంపట్నం దాటాక హైవే పక్కన కొత్త హోటలు ఒకటి పెట్టారు. ఉద్యోగం పర్మనెంటు అయిందని మా మనవరాలు స్టెల్లా నన్నూ, మా పాత ఇరుగమ్మ తెరేసమ్మనూ కారులో అక్కడికి తీసుకెళ్లింది. కారు దిగి తలెత్తి చూద్దును గదా, ఎదురుగా మా మిల్లు ఇంజను.

చక్కెర మిల్లుకి చెరకు బళ్లు లాగిన బొగ్గింజను అది. మా ఆయన పాల్ నడిపింది. లారీలూ ట్రాక్టర్లూ వచ్చాక పట్టాలు పీకేశారు. షెడ్డు కూలాక తుమ్మచెట్ల మధ్య ఎండకీ వానకీ పడి ఉండేది, పొగగొట్టంలో గోరింకలు గూడు పెట్టుకునేవి. మిల్లు మూతపడ్డాక ఎవరో కొనుక్కొచ్చి, ఎర్ర రంగూ పచ్చ రంగూ పూసి, ఇక్కడ రెండు పట్టా ముక్కల మీద నిలబెట్టారు. పిల్లలు ఎక్కి ఫోటోలు దిగుతున్నారు.

"చూశావా అక్కా, ముసలిదాన్ని పెళ్లికూతుర్ని చేశారు" అని నవ్వింది తెరేసమ్మ. "మనకీ ఎవరన్నా ఇట్టా రంగేస్తే బాగుండు."

నేనూ నవ్వాను. కానీ నా కళ్లు ఇంజను ముందున్న కొక్కెం మీదికే పోయాయి. దానికి హోటలు వాళ్లు నల్లబోర్డు తగిలించారు. ఈరోజు స్పెషల్, ఉలవచారు బిర్యానీ.

ఆ కొక్కెం సంగతి చెప్పాలి.

తెరేసమ్మ మొగుడు శౌరయ్య ఇంజను కిందికి దూరి బూడిద లాగేవాడు, నూనె పెట్టేవాడు. దూరేముందు ఆ కొక్కేనికి ఒక చెక్క తగిలించాలి. చెక్క ఉందంటే ఇంజను కదపకూడదు. అయినా జాగ్రత్త గల మనిషి, మధ్యమధ్య కింద నుంచి పానాతో మూడు దెబ్బలు కొట్టేవాడు. ఇంకా ఉన్నానన్నా, అని.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు మా ఆయనకి క్యారేజీ ఇద్దామని షెడ్డుకి వెళ్లాను. ఎవరూ కనపడలేదు. కొక్కేనికి నున్నటి టేకు చెక్క వేలాడుతోంది. ఇంట్లో నీళ్లకుండ మూత పగిలి నాలుగు రోజులైంది. చెక్క మీద తెల్లగా ఏవో గీతలున్నాయి. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. ఎవరికి పనికొస్తుందిలే అనుకుని, చెంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చేశాను.

పాల్ వచ్చి కొక్కెం చూశాడు. ఖాళీ. కూత వేసి ఇంజను కదిపాడు. మిల్లు ఆడే హోరులో మూడు దెబ్బలు ఎవరికి వినపడతాయి?

శౌరయ్య తాగి ఉన్నాడనీ, చెక్క పెట్టలేదనీ రాసేసుకున్నారు మిల్లు వాళ్లు. "మా ఆయన చెక్క పెట్టకుండా కిందికి దూరడండీ" అని తెరేసమ్మ కనపడిన వాళ్లందరికీ చెప్పేది. ఒక్కరూ నమ్మలేదు. నేనూ నమ్మలేదు. చెక్క అంటే చక్రాల కింద పెట్టేదేదో అనుకున్నానే గానీ, మా కుండ మీది మూత అని తట్టలేదు. పాల్ అయితే నిద్రలో కూడా, "చూశాను అమలా, చెక్క లేదు" అనేవాడు.

ఎనిమిదేళ్లకి చర్చి వరండాలో రాత్రి బడి పెట్టారు. పెద్దవాళ్లకి. సాయిశ్రీ అని చిన్నపిల్ల, మాకు టీచరు. మగవాడైతే 'ఉన్నాడు', ఆడదైతే 'ఉంది' అని పలకల మీద రాయించింది. అందరిలోకీ నా రాతే పెద్దది. 'మ' రాస్తే పలక సగం నిండేది. ఆ రాత్రి ఇంటికొచ్చి, దాహమేసి, కుండ మీది చెక్క తీశాను. దీపం వెలుతుర్లో ఆ గీతలు ఉన్నట్టుండి మాట్లాడాయి.

కిం... ద... మ... ని... షి... ఉ... న్నా... డు.

నేను చదివిన మొదటి మాట అది. నీళ్లు తాగలేకపోయాను. మర్నాడు ఆ చెక్కని చీల్చి పొయ్యిలో పెట్టి, ఆ మంట మీదే అన్నం వండాను. "ఇవాళ అన్నం బాగుందే" అన్నాడు పాల్. తప్పంతా తనదేననుకుంటూ పోయాడు ఆయన. ఒక్క మాట చెప్పి ఉంటే ఆ మనిషి నిద్రపోయేవాడు. చెప్పలేదు.

ఇవాళ తెరేసమ్మకన్నా చెబుదామనే వచ్చాను. సూపు వచ్చింది. బిర్యానీ వచ్చింది. మాట మాత్రం రాలేదు.

సందె పడింది. దూరంగా థర్మల్ స్టేషన్ పొగగొట్టాల మీద ఎర్ర దీపాలు వెలిగాయి. గాలి రేగింది, కరెంటు పోయింది. చేతులు కడుక్కొస్తానని స్టెల్లా లోపలికి వెళ్లింది. ముందుగా వాసన వచ్చింది నాకు. తడి బూడిద... కాలిన నూనె... చెరకు మడ్డి పులిసిన వాసన. తర్వాత చప్పుడు.

టక్. టక్. టక్.

లేచి వెళ్లాను. ఎందుకు వెళ్లానో తెలియదు. ఇంజను మీద చెయ్యి వేశాను. ఇన్నేళ్లుగా నిప్పు ఎరగని ఇనుము... వెచ్చగా ఉంది. కొక్కెం తడిమాను. నల్లబోర్డు లేదు. చెక్క ఉంది. వెనకవైపు గుండ్రంగా, కుండ మూతి ఒరిసిన గుర్తు... నా వేలికి తగిలింది.

"వదినా..."

కింద నుంచి.

"చెప్పావా వదినా?"

"లేదు... శౌరయ్యా."

"నేను తాగలేదని చెప్పు వదినా... దానికి చెప్పు."

నా భుజం మీద చల్లటి చెయ్యి పడింది. తెరేసమ్మ.

"అక్కా, ఎవరితో మాట్లాడుతున్నావు?"

అప్పుడు చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది.

"ఎవరూ లేరు" అన్నాను.

తెరేసమ్మ కదల్లేదు. "నాకూ వినపడింది అక్కా" అంది మెల్లగా. "మూడు దెబ్బలు."

"గాలికి రేకు కొట్టుకుంటోందే. పద."

జనరేటరు వేశారు. దీపాలు వెలిగాయి. కొక్కేనికి ఉలవచారు బిర్యానీ బోర్డే ఉంది. ఇంటికి వస్తుంటే తెరేసమ్మ వాళ్లింటి ముందు దిగి, కిటికీలోంచి నన్ను చూసి, "మా ఆయన చెక్క పెట్టకుండా దూరడు అక్కా" అంది.

"వెళ్లి పడుకోవే" అన్నాను.

పొద్దున్నే లేచి నీళ్ల బిందె దగ్గరికి వెళ్లాను. బిందె మీద స్టీలు పళ్లెం ఉండాలి. లేదు. చెక్క ఉంది. తడి బూడిద అంటుకుని ఉంది. రాత మాత్రం వెనకటిది కాదు. నాది. చెక్క సగం నిండిన 'మ'. చివరి మాట మారింది.

కింద మనిషి ఉంది.

రెండుసార్లు చదివాను. అక్షరాలు నేర్చుకోకుండా ఉంటే ఎంత బాగుండేది అనిపించింది. స్టెల్లాని లేపి తెరేసమ్మ ఇంటికి ఫోను చేయించాను. కోడలు ఎత్తింది. "అత్తయ్య మంచం మీద లేదండీ. తలుపు గడియ లోపలే వేసి ఉంది. చెప్పులు కూడా ఇక్కడే ఉన్నాయి..."

హోటలుకి పోనిమ్మన్నాను కారుని. అక్కడికెందుకని అడిగింది స్టెల్లా. తెరేసమ్మ ఇంజను కింద ఉందేమోనన్నాను. అది నా చెయ్యి పట్టుకుని, "భయపడకు అమ్మమ్మా, ఉంటే మాత్రం ఏమవుతుంది? అది బొమ్మ ఇంజను ఇప్పుడు. కదలదు కదా" అని దారంతా ధైర్యం చెబుతూనే ఉంది.

ఇవాళ తెల్లవారుజామున నాకు ఇంజను కూత వినపడింది.

ఆ మాట దానికి చెప్పలేదు.