చప్పుడు లేని రథం

"కూరలో ఉప్పు..." అంటూ సన్యాసమ్మ ఆగిపోయింది. కంచం పక్కన గ్లాసు అదరడం మొదలైంది. రేవుపాలెంలో ఎవరైనా అంతే. నేల వణికితే సగం మాట మింగేస్తారు, ఝంఝారథం దాటాక మిగతా సగం చెబుతారు.

విమానాల్ని లేపే జెట్ యంత్రాన్ని పట్టాల మీదికి దించి, సముద్రపు నీటి నుంచి తీసిన ఉదజనిని అందులో మండిస్తే వచ్చిన బండి అది. విశాఖలో చద్దన్నం తిని ఎక్కినవాడు మళ్ళీ ఆకలేసేలోపు చెన్నైలో దిగుతున్నాడు. వేగం వాళ్ళకి, చెవులు పగిలే ఆ రొద దారి పక్క ఊళ్ళకి!

"...సాల్లేదు," అని పూర్తిచేసింది సన్యాసమ్మ.

"రేపు సూసి ఏస్తాన్లే అత్తా," అంది కోడలు పైడితల్లి.

సన్యాసమ్మ కొడుకు జ్వరమొచ్చి పోయినప్పటి నుంచీ ఆ ఇంట్లో ఉన్నది వీళ్ళిద్దరే. విశాఖ రేవులో, గాలికి తిరిగే చక్రాలతో నడిచే వాయుచక్ర నౌకల మీద పనిచేసే సింహాద్రి పైడితల్లిని మనువాడతానన్నాడు. రేపు ఓడ కదిలేలోగా ఏదో ఒక మాట చెప్పమన్నాడు. ఆమెకు ఇష్టమే. అత్త మొహం చూస్తే మాత్రం మాట పెగలడం లేదు. ఈ ముసలిదాన్ని ఎవరు చూస్తారు?

సాయంత్రం రథం వేళకు ఇద్దరూ పట్టాల పక్క కంచె దగ్గరికి వెళ్ళారు. ఊళ్ళో ఆడవాళ్ళందరూ వెళతారు. ఆ హోరులో పక్కమనిషి మాట కూడా వినబడదు కాబట్టి, ఎవరికీ చెప్పుకోలేనిది అక్కడ గొంతెత్తి అరుస్తారు. మొగుణ్ణి తిట్టేవాళ్ళు తిడతారు, పోయినవాళ్ళ కోసం ఏడ్చేవాళ్ళు ఏడుస్తారు. ఒకరి నోటి వంక ఒకరు చూడకపోవడం అక్కడి మర్యాద. ఇళ్ళకు తిరిగి వెళ్ళేటప్పుడు ఎంత తేలిగ్గా ఉంటారో! ఆ మొరటు యంత్రం ఊరికి ఇంత మేలు చేస్తోందని దాన్ని కట్టినవాళ్ళకే తెలియదు.

తెలియదు కనుకనే పాపం, పసిపిల్లల చెవులు పాడవుతున్నాయని బాధపడి నాదహరణి కనిపెట్టారు. అది యంత్రపు చప్పుడుకు ఎదురు చప్పుడు పుట్టిస్తుంది, రెండూ కలిసి ఏమీ లేకుండా పోతాయి. ఈ సాయంత్రం నుంచే దాన్ని బిగిస్తున్నామని పొద్దున మైకులో చెప్పారు కూడా. సరిగ్గా అప్పుడే పొద్దుటి రథం వచ్చింది. ఎవరికీ వినపడలేదు, ఏం చెప్పారని ఎవరూ అడగలేదు.

మలుపులో రథం కనిపించింది. అలవాటు కొద్దీ అందరూ ఒక్కసారే నోళ్ళు తెరిచారు.

"అత్తా, నాను సింహాద్రిని మనువాడి ఎలిపోతానత్తా! నాకింకా బతకాలనుంది!" అని అరిచింది పైడితల్లి.

"ఒరే కొడకా!" పక్కనే సన్యాసమ్మ అరిచింది. "పైడిని నా కాడ్నించి ఎవుడూ తీసుకెల్లకుండా సూడరా! అదీ ఎలిపోతే నానొక్కదాన్నీ ఏటైపోతాన్రా!"

రథం గాలి విసురులా దాటిపోయింది. కంచె పొడుగునా ఎవరి మాటలు వాళ్ళకీ, పక్కవాళ్ళకీ వినబడ్డాయి. ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నారు.

చప్పుడు కొలిచే పెట్టె పట్టుకుని నిలబడిన రైల్వే ఇంజనీరమ్మ సంబరంగా వచ్చింది. "ఎలా ఉందమ్మా? అసలు చప్పుడే లేదు కదా!"

"నేదమ్మా," అంది సన్యాసమ్మ.

ఇద్దరూ పట్టాల పక్క దారినే ఇంటికి నడిచారు.

"మంచోడేనేటే?" అంది చివరికి అత్త.

పైడితల్లి భోరుమంది. "నానెల్లనత్తా. నువ్వన్నది ఇన్నాను కదా!"

"నీకేటి సెప్పానే నాను? పోయినోడికి సెప్పుకున్నాను. మద్దిన నీకెందుకు?" అని కసిరింది సన్యాసమ్మ. "తెల్లారగానే ఎలిపో. నాకేటీ బెంగ నేదు."

ఆమె అంటుండగానే చెన్నై నుంచి తిరుగు రథం చప్పుడు లేకుండా వాళ్ళ పక్కగా వెళ్ళింది. ఆ ముసలి గొంతులోని ఏడుపంతా పైడితల్లికి వినబడింది.