కిటికీలో వీపు తిప్పిన కుక్కలు

"ఎన్నిసార్లు చెప్పాలి రోలండ్ గారూ? ఆ కుక్కబొమ్మల్ని అమ్మను."

హెస్టర్ టీ కప్పును బల్లమీద ఠపీమని పెట్టింది.

"వచ్చే శనివారం మళ్ళీ అడుగుతానండీ," అన్నాడు రోలండ్, ఏమాత్రం చలించకుండా.

ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్‌లో తయారైన పాతకాలపు పింగాణీ కుక్కబొమ్మలను సేకరించడం అతని వ్యసనం. హెస్టర్ ఇంటి కిటికీలో సముద్రంవైపు చూస్తూ కూర్చున్న జతకు సాటివచ్చేది అతని అలమరలో లేదు. ఆమె పాలు తేవడానికి వంటగదిలోకి వెళ్ళగానే, ముఖాలు దగ్గరగా చూడాలన్న ఆశతో, రెండింటినీ గదివైపు తిప్పాడు.

కాసేపటికే తలుపు దబదబా మోగింది. పొరుగింటి డోర్కాస్ ఆంటీ, చేతిలో ఉడికించిన పీతల పళ్ళెంతో!

"మాటమాత్రమైనా చెప్పలేదేమే! ఎప్పుడొచ్చాడు?"

"ఎవరాంటీ?"

"నీవాడు! కుక్కలు లోపలికి తిరిగాయిగా, వీధంతా చూసింది!" ఆమె రోలండ్‌ను ఎగాదిగా చూసింది. "మరీ పుల్లలా ఉన్నాడు. పీతలు పెట్టు."

ఆ రేవు ఊరి ఆనవాయితీ ప్రకారం, ఇంటి మగవాడు సముద్రంమీద ఉన్నంతకాలం కిటికీలో కుక్కలు బయటికి చూస్తాయి. అతడు ఇల్లు చేరిననాడు లోపలికి తిరుగుతాయి. హెస్టర్ తాతగారి పడవ తిరిగి రాలేదు.

ఆంటీ వెళ్ళాక హెస్టర్ గొంతు వణికింది. "మా నాయనమ్మ కన్నుమూసేదాకా తిప్పని కుక్కలవి. నేనూ తిప్పలేదు. వెళ్ళండి. మళ్ళీ రావద్దు."

వారమంతా రోలండ్‌కు కుక్కలు గుర్తుకు రాలేదు. ఆ వణికిన గొంతే వినిపించింది. తరిమినా సరే, క్షమాపణ చెప్పి తీరాలని శనివారం వానలో బయలుదేరాడు.

వీధి మలుపులో నిలిచిపోయాడు. కిటికీలో కుక్కల వీపులు కనిపిస్తున్నాయి. అంటే, ఆ ఇంటికి ఎవరో వచ్చారు. అయినా వెనుదిరగకుండా వెళ్ళి తలుపు తట్టాడు.

తలుపు తీసిన హెస్టర్‌తో గబగబా అన్నాడు: "తప్పయిపోయిందండీ. మీ... ఆయనకు కూడా చెప్పి వెళతాను. ఏరీ?"

"వారంనుంచీ వీధంతా అదే అడుగుతోంది," అంది ఆమె. "మీరు తిప్పిన కుక్కల్ని మళ్ళీ బయటికి తిప్పుదామని రోజూ చెయ్యి చాచాను. మనసొప్పలేదు."

"అంటే?"

"ఆ జత అమ్మను. ఎప్పటికీ అమ్మను." హెస్టర్ తలుపు బార్లా తెరిచింది. "చూడాలనుంటే ఇక్కడే ఉండి చూసుకో."

రోలండ్ గడపమీదే నిలబడ్డాడు. "శనివారం మళ్ళీ అడుగుతానన్నాను కదా. అడుగుతున్నాను. కుక్కల్ని కాదు."

ఆమె సమాధానం చెప్పేలోగా పక్కింటి కిటికీ తెరిచి డోర్కాస్ ఆంటీ తల బయటపెట్టింది.

"ఊఁ అనవే తల్లీ! తడిసిపోతున్నాడు!"

"ఊఁ," అంది హెస్టర్.