లోపలి కొలత

"ఏం పాపా, కొలతలు రాకపోతే అంగట్లో ఎందుకు కూర్చుండేది? ఇంట్లో గోరింటాకు పెట్టుకోని కూర్చోవచ్చు గదా!"

ధనంజయ సైకిలుకు స్టాండు కూడా వెయ్యలేదు. శ్రీకాళహస్తి బస్టాండు ఎదురుగా ఉన్న గంగాధరం పైపుల అంగడి గోడకు దాన్ని గిరాటేసి, భుజాన మోసుకొచ్చిన పైపును మెట్ల మీద ధణేలుమని పడేశాడు. పక్కన పూలు కట్టే ఆమె చేతిలో దారం తెగింది.

మునిలక్ష్మి మాత్రం ఉలకలేదు. చదువుతున్న వారపత్రికలో ఆ పేజీ చివరిదాకా చదివి, వేలు అడ్డం పెట్టి, అప్పుడు తలెత్తింది. నాయన గంగాధరానికి కంటి ఆపరేషన్ అయినప్పటినుంచి అంగడి ఆమెదే. ఆమె అలా నిదానంగా చూసే చూపుకు ఎంత రేగినవాడైనా చల్లబడాలి. ధనంజయ ఇంకా రేగాడు.

"పాప గీప అనొద్దు. నాకు పేరుండాది. ఏమైంది?"

"ముక్కాలించి అడిగితే ఇంచిపైన ఇచ్చినావు! రెండు దినాలు కూర్చోని చింతమొద్దులో ముక్కాలించికి గాడి చెక్కినా. దీన్ని దాంట్లో పెట్టి వంచుదామంటే, పట్టనే లేదు."

"నువ్వడిగింది పైపు గదా?"

"పైపే!"

"పైపుకు కొలత లోపల. నీళ్లు పోయే బొక్క ముక్కాలించి ఉండాల. ట్యూబు అనుంటే బయట కొలిచి ఇచ్చుందును. తిరపతిలో డిప్లమా సదివినానని మొన్న గొప్పలు సెప్పినావే, ఆడ ఇది సెప్పలేదా?"

పూలామె కిసుక్కున నవ్వింది. తప్పు తనదేనని తెలిసిన మనిషికి వచ్చే కోపం మామూలుగా ఉండదు. ధనంజయ చెవులు రెండూ మిరప్పండ్లయ్యాయి.

"మరైతే ట్యూబే ఇయ్యి!"

ఆమె లేచి, గోడవారన నిలబెట్టిన ట్యూబుల్ని ఒక బోల్టుతో వరసగా తట్టుకుంటూ పోయింది. గణగణమని మోగినవాటిని వదిలేసింది. "ఇవి మంచాలకు. పల్చన." టంగుమని మొద్దుగా పలికినదాన్ని బయటికి లాగింది. "ఇది మందం. ఇంతకీ ఏం చేస్తావు దీంతో?"

"మినీ బైకు."

"అంటే?"

అతను మోకాటి దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. ఆమె ఆ చేతినీ, ఆరడుగుల అతన్నీ మార్చి మార్చి చూసింది.

"కోతిని కూర్చోబెట్టేదానికా?"

ధనంజయ ట్యూబు భుజానేసుకుని, సైకిలెక్కాడు. నవ్వితే నవ్వనీ. ఆ బండి అతనికి నవ్వులాట కాదు. డిప్లమా ముగించి ఏడాదిగా ఊళ్లో ఖాళీగా ఉన్నాడు. లైబ్రరీ పుస్తకంలో చూసిన బొమ్మ పట్టుకుని, మామిడిచెట్లకు మందుకొట్టే మిషను నుంచి నాయనకు చెప్పకుండా ఇంజను ఊడబీకాడు. నాయన మునస్వామి అరవలేదు. అరిచుంటే బాగుండేది.

"శుక్రవారం పొద్దు మునిగేలోగా దాన్ని నడిపి సూపీరా," అన్నాడు. "లేదంటే ఇంజను మిషనుకు పోతాది, నువ్వు నగిరికి పోతావు. మీ మామ మగ్గాల కాడ మనిషి కావాలంట."

*

మంగళవారం మళ్లీ వచ్చాడు. ట్యూబు వంచినచోట తొక్కిన అరటికాయలా నలిగిపోయి ఉంది.

"మందమంటివే! ఇదేనా నీ మందం?"

"ఇసక పోసినావా?"

"ఇసకా?"

మునిలక్ష్మి నెత్తి కొట్టుకుంది. "లోపల ఖాళీగా ఉంటే వంచినచోట కుంగిపోదా అప్పా? ఇసక కూరి, రెండు కొసల్లో కొయ్య బిరడాలు దిగ్గొట్టి, ఎర్రగా కాల్చి వంచాల. మా కొలిమి అంగడి పక్కనే ఉండాది. రేపు ఇసక తెచ్చుకో."

ఆమె చెప్పడం కాదు, చెప్పిన తీరు మండించింది అతన్ని. ఊరికి పోయేదాకా సైకిలు మీద ఆమెతో పోట్లాడుతూనే ఉన్నాడు. అన్నీ తానే గెలిచాడు. బుధవారం ఎప్పుడొస్తుందా అని చూస్తున్నట్టు మాత్రం తనకు తాను ఒప్పుకోలేదు.

బుధవారం వస్తూ దారిలో స్వర్ణముఖిలో దిగి గోతం నిండా ఇసక ఎత్తుకొచ్చాడు. కొలిమి కాడ ట్యూబులో కూరి, బిరడాలు దిగ్గొట్టి, నిప్పుల్లో పెట్టి తిత్తి ఊదాడు.

ఢామ్!

ఒక కొస బిరడా అతని చెవి పక్కనుంచి ఈలేసుకుంటూ పోయి, అంగడి ముందు వేలాడే రేకు బోర్డుకు తగిలింది.

గంగాధరం నల్లద్దాలు సర్దుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. బోర్డు తడిమి చూశాడు. వేలు సొట్టలో పడింది. "ఓరి నీ! నా పేరుకే సొట్ట పెట్టినావు గదరా! ఎవుర్రా నువ్వు?"

"ఇసక పొయ్యమన్నది మీ కూతురేనబ్బా!" ధనంజయ కూడా గట్టిగానే అరిచాడు.

మునిలక్ష్మి గోతంలో చెయ్యి పెట్టింది. తీసి చూస్తే అరచేతికి ఇసక అంటుకుని ఉంది.

"తడి ఇసక కాలిస్తే ఆవిరి పుట్టదా?" గొంతు కీచుమంది. "ఒక్క జానెడు ఈపక్కకు వచ్చుంటే? తల ఉండేదా? ఎవురికి సమాధానం సెప్పాల నేను? బండి ఎవురికి కావాల? నీ బండి ఏట్లో కలవా!"

తిట్టు బాగానే ఉంది. కానీ తిడుతూనే అతని చెవి పక్క కాలిందేమోనని చూస్తోంది.

ఆమె గిర్రున తిరిగి వీధి దాటి పోయింది. ఎదురు సందులో వరదమ్మ బొరుగుల బట్టీ. బియ్యం వేయించే ఇసక, నెలల తరబడి పెనంలో కాగి కాగి నల్లబడినది, బక్కెట్టుతో తెచ్చి అతని ముందు దబ్బుమని పెట్టింది. గుప్పెడు పోస్తే నీళ్లలా జారింది.

"దీంట్లో సుక్క తడి లేదు. పట్టు."

పాత ట్యూబు చెడింది. కొత్తది కోయాలి. "పదైదు అడుగులు," అన్నాడు ధనంజయ. ఆమె రంపం పట్టి కోసి ఇచ్చింది. కొలిచి చూస్తే పద్దెనిమిది.

"సూసినావా? కొలతలు రావని నేను మొదుటే అన్నా!"

"మిగిలితే తెచ్చి నా మొగాన కొట్టు."

ఇసక కూరుతూ, నాయన పెట్టిన శుక్రవారం గడువూ నగిరి సంగతీ అతను ఆమెకు చెప్పాడు. ట్యూబు పొడవునా ఉండే అతుకు గీత వంపులో విచ్చకుండా పక్కకు ఉండేలా ఆమె తిప్పి పెట్టింది. అతను సీటు ముగిసేచోట సుద్దతో గీత గీశాడు. ఆమె చెరిపి, ఇంకా వెనక్కు గీసింది. అతను చెరిపి ముందుకు గీశాడు. ఆమె సుద్దముక్క లాక్కుని, ట్యూబుకు గీత పడిందో లోయ పడిందో తెలియనంత గట్టిగా వెనక గీసింది.

"ఇంత పొడుగు సీటు ఎందుకు? కూర్చునేది ఒక్కడే గదా!"

మునిలక్ష్మి సుద్దముక్కను కొలిమిలోకి విసిరింది. కొలిమి వేడికో దేనికో మొగం ఎర్రబడింది. "నగిరికి పోవాలని ఉంటే నీ గీత కాడే వంచుకో," అంది.

ధనంజయ ఆ గీతను చూశాడు. ఆమెను చూశాడు. ఎక్కువ కోసిన మూడడుగులు. మూడేళ్ల డిప్లమాలో ఎక్కనిది ఆ క్షణంలో ఎక్కింది.

"నీ కోపం... ట్యూబు కొలతనా, పైపు కొలతనా?"

"పైపు కొలత. సదువుకున్నోడివి గదా, అర్థం సేసుకో."

అతను ఆమె గీత దగ్గరే వంచాడు. ట్యూబు ఎక్కడా నలగకుండా, చేప తిరిగినట్టు తిరిగింది.

*

శుక్రవారం పొద్దు వాలుతుండగా, మునస్వామి చేతులు కట్టుకుని అంగడి ముందర నిలబడ్డాడు. ధనంజయ తాడు లాగాడు. ఇంజను దగ్గింది. మళ్లీ లాగాడు. పూలామె దండం పెట్టుకుంది. మూడోసారికి వీధంతా అదిరేలా రేగింది. బండి బస్టాండు దాకా పోయి తిరిగొచ్చింది.

మునస్వామి బండి చుట్టూ తిరిగాడు. వంపులు వేలితో తడిమాడు. మొగం మాత్రం విప్పారలేదు.

"ఇంజను చిన్నది. బండి చిన్నది. సీటు మాత్రం ఇంత పొడుగేందిరా?"

ధనంజయ సీటు మీద దుమ్ము తుడవసాగాడు. జవాబు గంగాధరం చెప్పాడు, సొట్టపడిన బోర్డు కింద నుంచి, మంటగానే.

"నన్నడుగు. కొలిచింది మా ఇంట్లోనే."

మునస్వామి అంగట్లోకి చూశాడు. తలుపు చాటున పైట కొస కనిపించింది. మళ్లీ సీటును చూశాడు.

"సరేలే," అన్నాడు. "ఈ యేడాది చెట్లకు చేత్తోనే మందు కొట్టుకుంటా. ఆదివారం ఇంట్లో ఉంటారా మీరు? మా ఆడోళ్లను పిలుచుకొస్తా."

"బోర్డు బాగుచేసిచ్చినాకే మాటలు!" అన్నాడు గంగాధరం. అని, లోపలికి తిరిగి అరిచాడు: "ఏం దాక్కుంటావు? కోసిన దానివి, కూర్చోని సూడు. వీధి చివరిదాకానే!"

మునిలక్ష్మి వచ్చి, కుచ్చిళ్లు సర్దుకుని, వెనక ఒక పక్కగా కూర్చుంది. సీటు సరిగ్గా సరిపోయింది. ధనంజయ యాక్సిలేటరు సరిగ్గా తిప్పక రెండుసార్లు ఇంజను ఆపేశాడు.

వీపు మీద ఒక పోటు పడింది.

"తోలేది రాకపోతే బండెందుకు అప్పా? ఇంట్లో గోరింటాకు పెట్టుకోని కూర్చోవచ్చు గదా!"