వాననీళ్ల తాళంచెవి

తెల్లారేసరికి జెరోటిచ్ బోరు దగ్గర్నుంచి తిరిగొచ్చింది. గాడిద మీంచి పసుపు క్యాన్లు దించి గోడవారగా పెట్టింది. నీళ్లు అద్దంలా ఉన్నాయి. వాసన లేదు, నలక లేదు. వచ్చిన చిక్కంతా అదే. మురికి నీళ్లంటే ఎవరైనా భయపడతారు గానీ, ఇంత తేట నీళ్లలో ఫ్లోరైడ్ ఉందంటే ఎవరికి నమ్మబుద్ధవుతుంది? కౌంటీ ప్రభుత్వం వాళ్లు వచ్చి పరీక్ష చేసి, బోరు గట్టు మీద ఎర్రరంగుతో ఇంత గుర్తు వేసి చక్కా పోయారు. వేరే నీళ్లు మాత్రం చూపించలేదు. మర్నాడు ఊరంతా ఆ ఎర్రగుర్తు పక్కనే వరస కట్టింది.

ఇంటి వెనక నల్ల ప్లాస్టిక్ ట్యాంకు ఉంది. రేకుల మీద పడ్డ వాన అందులోకి దిగుతుంది. కుళాయికి తాళం. తాళంచెవి తల్లి మెళ్లో, శిలువ పక్కన. ఆమె పేరు కోబిలో. వరసగా వానలు మొహం చాటేశాక ట్యాంకు అడుగున కాసిని నీళ్లే మిగిలాయి. జెరోటిచ్‌కి పాలు ఎండిపోయాయి. పసివాడు కిప్లిమోకి ఆ నీళ్లతోనే జావ కాచి పోస్తోంది. మొగుడు నైరోబీలో కాపలా ఉద్యోగం చేస్తాడు కాబట్టి పిల్లలిద్దరితో ఆమె ఉండేది పుట్టింట్లోనే.

ఆ పొద్దున తమ్ముడు కిబివోట్ సెలవు మీద దిగాడు. నకురు పట్నంలో పోలీసు. నిటారైన మనిషి. నవ్వితే పళ్లన్నీ తెల్లగా కనిపిస్తాయి. ఊళ్లో అలా నోరారా నవ్వేది వాడొక్కడే. మిగతా వాళ్లు గారపట్టిన పళ్లు కనబడకుండా అక్కలాగే చెయ్యి అడ్డం పెట్టుకుంటారు.

కోబిలో గబగబా ట్యాంకు తాళం తీసి, గ్లాసుడు నీళ్లు పట్టి కొడుకు చేతిలో పెట్టింది. జావ కలుపుతున్న జెరోటిచ్ గరిటె వదిలేసింది.

"అమ్మా, ఏంటది?"

"ఏముందే, బిడ్డ దాహంతో వచ్చాడు."

"బిడ్డా! ఆ బిడ్డ భుజాలు గుమ్మంలో పట్టట్లేదు. ఇంకా వాడికి వాననీళ్లేనా? అదీ నా పసివాడి నోటి దగ్గరవి!"

కిబివోట్ నవ్వబోయాడు. "నాకు బోరు నీళ్లు చాలక్కా. నేనేమన్నా దొరబాబునా?"

"దొరబాబువే. ఈ ఇంట్లో ఒక్కసారైనా బోరు నీళ్లు తాగావురా నువ్వు?"

కిబివోట్ ఆలోచించాడు. నవ్వు మొహం మీంచి పోయింది. "తాళం దొంగల కోసమనుకున్నాను," అన్నాడు మెల్లగా.

"ఆ దొంగని నేనే. నీ గ్లాసులో వేలు ముంచి చప్పరించానని అమ్మ వీపు చీరేసింది. 'నువ్వు పెద్దదానివి కదా' అని ఆ ఒక్క మాటతో నన్ను ఎన్నేళ్లు తోసేసిందో! హోటల్లో పనికెళ్తే నోరు తెరిపించి చూసి వెనక్కి పంపేశారు. పొద్దున్నే మోకాళ్లు వంగవు. నేనేం పాపం చేశానమ్మా? అప్పటికి నావి పాలపళ్లు కూడా ఊడలేదు!"

కోబిలో తల ఎత్తలేదు. ఎత్తాలన్నా ఆ మెడ లేవదు. బోరు నీళ్లు ఆమె మెడనీ నడుమునీ ఎప్పుడో కొయ్య చేసేశాయి.

"ఒక్కరికే సరిపోయేవి," అంది. "ఇద్దరికీ సగం సగం పోస్తే ఇద్దరూ పాడవుతారంది నర్సు. చిన్నవాడికి పొయ్యమంది. కాళ్లు వంకరపోకుండా వాడైనా మిగులుతాడంది. నువ్వు ఆ బోరు నీళ్లు గుటకలేస్తుంటే చూళ్లేక పొయ్యి వైపు తిరిగి కూర్చునేదాన్నే."

"కొట్టమని కూడా నర్సే చెప్పిందా?"

"లేదు," అని ముసలామె ఏడ్చేసింది. "మెత్తగా చెప్తే ఇంకోసారి అడుగుతావని భయం. ఇంకోసారి అడిగితే పోసేసేదాన్ని."

కిబివోట్ ముట్టని గ్లాసుని తీసుకెళ్లి, చుక్క ఒలక్కుండా, పసివాడి జావగిన్నెలో వంపాడు. నెలనెలా సీసా నీళ్లు పంపిస్తానన్నాడు. వాడి జీతమెంతో, బస్సు ఛార్జీలెంతో తెలిసిన ఇల్లు కాబట్టి ఆ మాట మీద ఎవరూ ఆశ పెట్టుకోలేదు. కోబిలో మెళ్లో తాడు తీసి కూతురి మెళ్లో వేసింది.

"ఇక ఎవరికి పొయ్యాలో నువ్వే చూసుకో. నా వల్ల కాదు."

సాయంత్రం జెరోటిచ్ కుళాయి తిప్పింది. నీళ్లు సన్నగా కారి, చిన్న గిన్నె నిండకుండానే ఆగిపోయాయి. ఆకాశం వైపు చూసింది. అక్కడ మబ్బు జాడే లేదు.

మేకల వెంట తిరిగి తిరిగి నాలుగేళ్ల కూతురు చెలగత్ రేకు కప్పుతో పరిగెత్తుకొచ్చింది.

"అమ్మా, నాకూ ఆ నీళ్లు!"

జెరోటిచ్ గిన్నె వైపు చూసింది, కప్పు వైపు చూసింది. సగం పోద్దామని గిన్నె వంచింది. లోపల పసివాడు ఏడుపు లంకించుకున్నాడు. వంచిన గిన్నెని నిలబెట్టేసింది.

"నువ్వు పెద్దదానివి కదమ్మా," అంది. "బకెట్లో బోరు నీళ్లు తాగు. చల్లగా ఉంటాయి."

చెలగత్ బకెట్లో కప్పు ముంచుకుని గటగటా తాగి, మూతి తుడుచుకుని, తల్లిని చూసి నవ్వింది. పాలపళ్లు ఇంకా తెల్లగానే ఉన్నాయి.

జెరోటిచ్ గిన్నెతో లోపలికెళ్లింది. తల్లి పక్కన, పొయ్యి వైపు తిరిగి కూర్చుంది.